ఎండాకాలమే విశ్రాంతి: తిరుపతి నేలలో పాతకాలపు రోజా పొదలు

పాతకాలపు రోజా పొదల గురించి పుస్తకాల్లో, వీడియోల్లో దొరికే సలహాలు చాలావరకు చలిదేశాల తోటలను చూసి చెప్పినవే. చలికాలంలో మొక్క ఆకు రాల్చి నిద్రపోతుంది, చలి వదులుతుండగా కత్తిరించాలి, వసంతంలో ఎరువు వేయాలి, ఆ తర్వాత వేసవంతా పూలు. ఈ లెక్కనే తిరుపతిలో పాటిస్తే ఏమవుతుంది? ఫిబ్రవరి చివర్లో కత్తిరించిన పొద మార్చి దాటేసరికి లేత చిగుళ్లతో నిలబడి ఉంటుంది. అప్పుడే ఎండ 40 డిగ్రీల వైపు పోతుంటుంది. చిగుళ్ల అంచులు మాడతాయి, నీడలేని కొమ్మల మీద బెరడు కాలి నల్లబడుతుంది, మొగ్గలు విచ్చుకోకుండానే ఎండిపోతాయి. చివరికి 'మన ఊళ్లో రోజాలు రావు' అనే మాట మిగులుతుంది.

నిజానికి ఈ నేలలో రోజాకు కష్టకాలం ఏప్రిల్, మే నెలలు. దాని విశ్రాంతి కూడా అప్పుడే. జూన్‌లో మొదటి జల్లులు పడ్డాక మెల్లగా లేచి, ఆగస్టు నుంచి ఊపందుకుని, ఈశాన్య రుతుపవనాల తడి తగ్గిన డిసెంబరు నుంచి మార్చి మొదటి వారాల దాకా తన అసలు పూత ఇస్తుంది. నాటడం, కత్తిరింపు, ఎరువు అన్నీ ఈ చక్రం ప్రకారం జరుపుకుంటే సగం సమస్యలు మొదలే కావు. మిగతా సగం రకం ఎంపికలో ఉంది.

పాతకాలపు రోజాలంటే ఏవి? రోజా ప్రియులు సాధారణంగా 1867ను గీతగా పెట్టుకుంటారు. ఆ ఏడాది ఫ్రాన్స్‌లో గియో అనే పెంపకందారు 'లా ఫ్రాన్స్' అనే రకాన్ని తెచ్చాడు. పొడవాటి కాడకు ఒక్క పువ్వు, కోసుగా ఉండే మొగ్గ, ఇప్పుడు బొకేల్లో కనిపించే ఆ హైబ్రిడ్ టీ కుటుంబానికి దాన్నే మొదటిదిగా లెక్కిస్తారు. అంతకుముందే ఉన్న తరగతులన్నీ పాతవి. వీటిలో చాలావరకు గుబురుగా పెరిగే పొదలు. పువ్వు గుండ్రంగా, రేకులు కిక్కిరిసి ఉంటుంది. చాలా రకాలకు సువాసన ఎక్కువ, అయితే కోసి గ్లాసులో పెడితే రెండు రోజులు నిలవదు. పూలజాడీలో పెట్టుకోవడానికి పెంచేవాళ్లకు ఇవి నచ్చకపోవచ్చు. పెరట్లో నడుస్తుంటే వాసన రావాలనుకునేవాళ్లకు హైబ్రిడ్ టీ ఎప్పుడూ సాటిరాదు.

అయితే 'పాతవి' అన్నంత మాత్రాన అన్నీ ఒకే గూటివి కావు. గాలికా, ఆల్బా, సెంటిఫోలియా, మాస్ అనే యూరప్ తరగతులు ఏడాదికి ఒక్కసారే, అదీ ముందటేడు పెరిగిన కొమ్మ మీద పూస్తాయి. ఆ పూత మొదలవడానికి వాటికి గట్టి చలి కావాలి. తిరుపతిలో డిసెంబరు, జనవరి రాత్రుల్లో కూడా ఉష్ణోగ్రత 15 డిగ్రీల కిందికి దిగడం అరుదు. ఇలాంటి చోట అవి బతికినా ఆకులతోనే కాలం గడిపేస్తాయి. ఆన్‌లైన్‌లో బొమ్మ చూసి వీటిని ఖరీదుకు తెప్పించుకోవడం దండగ. కన్నౌజ్, హాథ్రస్ ప్రాంతాల్లో అత్తరుకు పండించే డమాస్క్ రోజా మార్చి, ఏప్రిల్ నెలల్లో విరగబూస్తుందంటే దాని వెనుక ఉత్తరాది చలికాలం ఉంది. ఆ చలిని తిరుపతికి మోసుకురాలేం.

ఇక్కడికి సరిపడేవి చైనా, టీ, నాయ్‌జెట్, బోర్బన్ తరగతులు. వీటన్నిటిలో వేడి ప్రాంతపు రక్తం ఉంది. చైనా రోజాకు చలితో పనిలేదు. కొత్త చిగురు వచ్చిన ప్రతిసారీ చివర మొగ్గ వేస్తుంది. టీ రోజాల పూర్వీకుల్లో ఒకటైన రోజా జైగాంటియా మన మణిపుర్ కొండల్లో, బర్మాలో అడవిగా పెరిగే జాతి. పద్దెనిమిదో శతాబ్దం చివర చైనా రోజాలు ఓడల్లో యూరప్‌కు వెళ్తూ కలకత్తా బొటానిక్ గార్డెన్‌లో మకాం వేసేవి. అందుకే ఫ్రెంచి వాళ్లు చాలాకాలం వాటిని 'బెంగాల్ రోజాలు' అన్నారు. ఇక బోర్బన్ల పుట్టుక హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవిలో. అప్పట్లో దాని పేరు బోర్బన్ దీవి. అక్కడి రైతులు పొలాలకు కంచెగా చైనా రోజానూ, ఏడాదిలో మళ్లీ పూసే డమాస్క్‌నూ కలిపి నాటేవారు. ఆ రెండూ సంకరమై పుట్టిన మొక్క 1817 ప్రాంతంలో వృక్షశాస్త్రజ్ఞుల కంట పడింది. దాన్ని 'రోజ్ ఎడ్వార్' అనేవారు.

ఆ ఎడ్వార్, దక్షిణాది నర్సరీల్లో 'ఎడ్వర్డ్ రోజా'. హారాలకు, విడిపూల అమ్మకానికి తమిళనాడు, ఆంధ్ర రైతులు ఇప్పటికీ వేస్తున్న రకాల్లో ఇదొకటి. పాత ఇళ్ల పెరళ్లలో నూతిగట్టు పక్కన పెరిగే లేత గులాబి రంగు 'పన్నీరు రోజా' కూడా ఈ బోర్బన్, డమాస్క్ గూటిదే. ఊరూరికీ దాని రూపం కాస్త మారుతుంది. ఒక ఊళ్లో పన్నీరు రోజా అన్నది ఇంకో ఊళ్లో నాటు రోజా కావచ్చు. తిరుమలలో కార్తీక మాసంలో జరిగే పుష్పయాగంలో చామంతి, సంపంగి, నూరువరహాల పక్కన రోజా కూడా ఉంటుంది. కొండ మీద పూలన్నీ స్వామివే గనుక అక్కడ ఆడవాళ్లు తలలో పూలు పెట్టుకోరు. కింద తిరుపతి వీధుల్లో మాత్రం మల్లెచెండు మధ్య ఒక్క రోజా తురమడం మామూలే. అంటే విదేశీ కేటలాగుల్లో 'ఓల్డ్ గార్డెన్ రోజ్' అని గొప్పగా అమ్మే తరగతి మొక్క ఇక్కడి పాత ఇళ్ల వెనుక ఎప్పటినుంచో ఉంది.

ఇంకో విచిత్రం కూడా ఉంది. ఎడ్వర్డ్‌ను మన దేశంలో హైబ్రిడ్ రోజాలకు కంటి అంటు కట్టే వేరుమొక్కగా వాడతారు. కొన్న రెండో మూడో ఏడు పైనున్న హైబ్రిడ్ ఎండిపోయి, అంటు కింది నుంచి పిలకలు లేస్తాయి. జనం 'చెట్టు అడవిదైపోయింది' అని పీకేస్తారు. వేరుమొక్క మల్టిఫ్లోరా అనే అడవి రోజా అయితే పీకడమే నయం, దాని చిన్న తెల్లపూల గుత్తుల వల్ల పెద్ద ప్రయోజనం లేదు. ఎడ్వర్డ్ అయితే మాత్రం చేతికొచ్చిన అసలు సిసలు బోర్బన్ పొదను పారేసినట్టే. ఒక పూత దాకా ఆగి చూసి నిర్ణయించుకోవడం మంచిది. 'ఏడు ఆకులుంటే అడవిది, ఐదు ఆకులుంటే అసలుది' అనే సూత్రం ఇక్కడ పనిచేయదు. పాతరకాల్లో చాలావాటికి కూడా ఏడేసి ఆకులొస్తాయి.

నర్సరీల్లో పేరు తెలిసి దొరికే వాటిలో 1897లో వచ్చిన 'గ్రుస్ ఆన్ టెప్లిట్స్' ఉంది. ఇది గీతకు తర్వాతిదే అయినా స్వభావంలో పాత పొదే. ముదురు ఎరుపు, మంచి వాసన, గుత్తులుగా పూత. రేకులే లేకుండా పువ్వంతా ఆకుపచ్చ రక్షక పత్రాలతో ఉండే 'గ్రీన్ రోజ్' కూడా చైనా తరగతిదే. చూడడానికి వింతే గాని పెరడంతా అదే నింపుకునేంత అందం దానిలో లేదు. వేడి ప్రాంతాల కోసం కొత్త రకాలు తయారుచేయాలన్న ఆలోచనతో పనిచేసిన వారిలో ఎం.ఎస్. వీరరాఘవన్ పేరు తప్పక చెప్పాలి. ఆంధ్రప్రదేశ్ కేడర్‌లో ఐఏఎస్ అధికారిగా ఉండి, ఆ ఉద్యోగం వదిలి కొడైకెనాల్‌లో స్థిరపడి, జైగాంటియాతో పాటు మన దేశంలోనే తడి నేలల్లో పెరిగే క్లైనోఫిల్లా అనే అడవి రోజాను వాడి సంకరాలు చేశారు. చలిదేశపు రోజాను మన ఎండకు అలవాటు చేయడం కంటే ఎండకు పుట్టిన రోజాను బాగుచేయడం తెలివైన దారి.

పాత ఉమ్మడి చిత్తూరు జిల్లా మొత్తానికీ ఒకే సలహా చెల్లదని కూడా గుర్తుంచుకోవాలి. పలమనేరు, కుప్పం వైపు నేల సముద్రమట్టానికి 2000 అడుగులకు పైన ఉంటుంది. రాత్రుళ్లు చల్లగా ఉంటాయి కాబట్టి పువ్వు పెద్దగా, రంగు ముదురుగా వస్తుంది, ఎండాకాలపు దెబ్బ కూడా తక్కువ. పక్కనే ఉన్న హోసూరు రోజాల సాగుకు పేరుపడిందీ ఇలాంటి వాతావరణం వల్లే. తిరుపతి కొండ కింద, బండల వేడి రాత్రి దాకా వదలని చోట, అదే మొక్కకు ఉదయం ఎండ, మధ్యాహ్నం నీడ ఇవ్వాలి. ఇంటికి తూర్పు వైపు అందుకు అనువు. రోజుకు ఆరు గంటల ఎండ చాలు. పడమటి గోడ పక్కన నాటితే గోడ కూడా పొదను కాలుస్తుంది.

నాటే కాలం నేలను బట్టి ఉంటుంది. నీళ్లు నిలవని ఎర్రనేలల్లో ఆగస్టులో నాటితే ఈశాన్య వానలకు ముందే వేళ్లు పట్టి, ఎండాకాలం నాటికి మొక్క గట్టిపడుతుంది. పల్లపు చోట్ల, బంకనేలల్లో డిసెంబరు మధ్య దాకా ఆగాలి. 2021 నవంబరులో తిరుపతిని ముంచెత్తిన వానల్లాంటివి ఏటా రాకపోయినా, నవంబరులో నాలుగు రోజులు నీళ్లు నిలిస్తే చాలు, లేత వేళ్లు కుళ్లిపోతాయి. గుంత రెండు అడుగుల లోతు, రెండు అడుగుల వెడల్పు. తవ్విన మట్టిలో మూడో వంతు చివికిన పశువుల ఎరువు, రెండు గుప్పిళ్ల వేపపిండి కలపాలి. చెదలు ఉన్నచోట పచ్చి పేడ అసలు వేయకూడదు. పొద ఐదడుగుల వెడల్పుకు విస్తరిస్తుంది కాబట్టి మొక్కకూ మొక్కకూ అంత దూరం ఉండాల్సిందే. మొదటి ఏడాది ఆ ఖాళీ చూసి మనసాగక మధ్యలో ఇంకో మొక్క పెట్టేవారే ఎక్కువ. గాలి ఆడక తెగుళ్లు వచ్చేది అక్కడే.

కడియం నుంచో ఇంకెక్కడి నుంచో లారీల్లో వచ్చే మొక్కల వేళ్ల చుట్టూ బంకమట్టి ముద్ద ఉంటుంది. ప్రయాణంలో వేళ్లు ఎండకుండా అది కాపాడుతుంది. కానీ ఆ ముద్దను అలాగే మన ఎర్రమట్టిలో పెడితే కొన్నాళ్లకు గట్టిపడి, చుట్టూ తడి ఉన్నా లోపల వేళ్లు ఎండిపోతాయి. నాటే ముందు బకెట్ నీళ్లలో కాసేపు ఉంచి, బయటి మట్టిని మెల్లగా కరగనివ్వాలి. వేళ్లను లాగకూడదు.

నీళ్ల విషయంలో అసలు చిక్కు కొలతది కాదు, నాణ్యతది. చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పగా, సున్నం ఎక్కువగా ఉంటాయి. కుండీ అంచుల్లో తెల్లటి పొర కడితే అదే గుర్తు. ఇలాంటి నీళ్లు ఏళ్ల తరబడి పోస్తే మట్టి క్షారంగా మారి, ఇనుము నేలలో ఉన్నా మొక్కకు అందదు. లేత ఆకులు పసుపుబారి ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. దీన్ని చూసి యూరియా వేసేవాళ్లున్నారు, దానివల్ల ఏమీ కాదు. లీటరు నీటికి రెండు మూడు గ్రాముల అన్నభేది (ఇనుము లవణం), చిటికెడు నిమ్మఉప్పు కలిపి సాయంత్రం పూట ఆకుల మీద పిచికారీ చేస్తే పది పదిహేను రోజుల్లో తేడా తెలుస్తుంది. అది తాత్కాలికమే. మిద్దె మీద పడిన వాన నీళ్లు పట్టి పెట్టుకోవడం, ఏడాదికి రెండుసార్లు కంపోస్టు వేయడం అసలు మందు. ఆర్వో మిషన్ వదిలేసే నీళ్లు వృథా పోతున్నాయని రోజాలకు పోయడం మాత్రం మానుకోవాలి. తాగే నీటిలోంచి తీసేసిన ఉప్పంతా ఆ నీళ్లలోనే ఉంటుంది.

ఎంత పోయాలి? ఎదిగిన పొదకు తడికి ఒక బిందెడు, వేళ్ల లోతుకు దిగేలా. చలికాలంలో వారానికి రెండు తడులు, ఎండాకాలంలో రోజు మార్చి రోజు. రోజూ చెంబుడు చల్లితే వేళ్లు పైపైనే ఉండిపోయి, ఒక్క రోజు నీళ్లు తప్పినా మొక్క వేలాడిపోతుంది.

కత్తిరింపు దగ్గర పాత పొదలకూ హైబ్రిడ్ టీకీ దారులు వేరవుతాయి. హైబ్రిడ్ టీని మోకాలెత్తుకు నరికినా తట్టుకుంటుంది, పెద్ద పువ్వుల కోసం అలా చేస్తారు కూడా. చైనా, టీ రోజాలు తమ బలాన్ని పాత కొమ్మల్లో దాచుకుంటాయి. వాటిని అలా నరికితే కోలుకోవడానికి ఏడాది పడుతుంది, ఒక్కోసారి కోలుకోవు కూడా. ఎండిన పుల్లలు, లోపలికి తిరిగి ఒరుసుకునే కొమ్మలు, మరీ ముదిరిన ఒకటి రెండు కాండాలు తీసేస్తే చాలు. మొత్తం మీద పొదలో మూడో వంతుకు మించి పోకూడదు. ఈ పనికి అనువైన కాలం జూలై చివర నుంచి ఆగస్టు మధ్య దాకా, అంటే ఎండాకాలపు విశ్రాంతి ముగిసి కొత్త పెరుగుదల మొదలైనప్పుడు. చలిదేశాల వాళ్లు చలి చివర చేసే పనికి మన దగ్గర సమానం ఇదే.

రెండోది చిన్న కత్తిరింపు, డిసెంబరు రెండో వారంలో. వానల్లో పెరిగిన తీగల కొసలు, మచ్చలున్న ఆకులు తీసేయడం. కత్తిరించాక పూతకు దాదాపు 45 రోజులు పడుతుంది కాబట్టి ఇది జనవరి నెలాఖరుకు, ఇంచుమించు రథసప్తమి రోజులకు పూత ఇస్తుంది. సంక్రాంతికే పూలు కావాలంటే నవంబరు చివర కత్తిరించాలి. తుపాను గాలుల మధ్య ఆ పని చేస్తే కోసిన చోట తడి దిగి, కొమ్మ పైనుంచి కిందికి నల్లగా ఎండుకుంటూ వస్తుంది. పండక్కి పది పువ్వుల కోసం ఆ రిస్కు అనవసరం.

బోర్బన్లకు ఇంకో మెళకువ ఉంది, దీన్ని మన దగ్గర పట్టించుకునేవారు తక్కువ. వీటికి వానాకాలంలో ఆరేడు అడుగుల పొడవాటి కొమ్మలు లేస్తాయి. నిలువుగా వదిలేస్తే కొన దగ్గర మాత్రమే నాలుగు పూలు. కొనలో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోను కిందికి దిగుతూ పక్క కళ్లను అణచి ఉంచడమే కారణం. అదే కొమ్మను డిసెంబరులో, ఇంకా వంగే గుణం ఉన్నప్పుడు, మెల్లగా పక్కకు వంచి నేలలో పాతిన చిన్న కర్రకు కట్టేస్తే ఆ అణచివేత సడలుతుంది. కొమ్మ పొడవునా కళ్లు చిగురించి, ప్రతి చిగురుకూ మొగ్గ వస్తుంది. ఎంత కత్తిరించినా రానంత పూత ఒక్క పురికొసతో వస్తుంది. వంచేటప్పుడు ఒక్కసారిగా లాగితే మొదలు దగ్గర చీలుతుంది. రెండు మూడు రోజుల తేడాతో కొంచెం కొంచెంగా దించాలి.

ఎరువు పూతకాలానికి ముందు, ఆగస్టులోనూ డిసెంబరులోనూ. వేరుశనగ చెక్కను నాలుగు రోజులు నీళ్లలో నానబెట్టి, పదింతలు పలచన చేసి పాదులో పోయడం ఇక్కడి పాత అలవాటు, మంచి అలవాటు. వాసన పక్కింటి దాకా పోతుందన్నదే దానితో ఇబ్బంది. మార్చి రెండో వారం తర్వాత ఏ ఎరువూ వద్దు.

ఏప్రిల్ నుంచి పని తగ్గించుకోవాలి. వచ్చిన చిన్నా చితకా మొగ్గలను గిల్లేయడం, పాదులో మూడు అంగుళాల మందాన వేరుశనగ పొట్టో చెరకు ఆకో పరచడం, తడి తప్పకుండా చూడడం. అంతే. ఆకులు కొన్ని రాలినా టెన్షన్ పడక్కర్లేదు. కత్తెర పట్టుకోకూడదు, ఎందుకంటే మిగిలిన ఆకులే కాండాలకు నీడ. పంచాంగాల్లో మే నెల కర్తరి రోజుల్లో చెట్లు నరకడం, నాటడం కూడదని ఉంటుంది. శుభాశుభాల సంగతి ఎలా ఉన్నా, రోజాల వరకు ఆ నియమం అక్షరాలా సరైనదే. మిద్దె తోటల్లో ఈ రెండు నెలలు గ్రీన్ నెట్ తప్పనిసరి. కాంక్రీటు వేడి తగలకుండా కుండీల కింద ఇటుకలు పెట్టాలి.

తెగుళ్లు, పురుగులు కూడా ఈ చక్రం ప్రకారమే వస్తాయి. ఎండాకాలంలో ఆకు వెనుక ఎర్రనల్లి. పొద్దున్నే పైపుతో ఆకుల అడుగుభాగం గట్టిగా కడిగితే చాలావరకు పోతుంది. తొలకరి పడగానే సాయంత్రం పూట పెంకు పురుగులు దిగి రాత్రికి రాత్రి ఆకులను జల్లెడ చేస్తాయి. వేరుశనగ రైతులను ఏడిపించే వేరుపురుగుకు ఇవి చుట్టాలు. టార్చిలైటు పెట్టి ఏరి సబ్బునీళ్లలో వేయడం కంటే మెరుగైన మందు ఇంటి తోటకు లేదు. అక్టోబరు, నవంబరుల్లో నల్లమచ్చ. ఆకు ఏడు గంటల పాటు తడిగా ఉంటేనే దాని బీజం నాటుకుంటుంది కాబట్టి సాయంత్రం ఆకుల మీద నీళ్లు చల్లకపోవడం, రాలిన ఆకులు ఏరేయడం సగం నివారణ. జనవరిలో చల్లటి రాత్రుల వల్ల బూడిద తెగులు వస్తే గంధకం పొడి మందు పనిచేస్తుంది. ఎండ 32 డిగ్రీలు దాటే రోజుల్లో మాత్రం దాన్ని కొట్టకూడదు, ఆకులు కాలిపోతాయి. ఇక లీటరుకు ఐదు మిల్లీలీటర్ల వేపనూనెను కాస్త సబ్బుతో కలిపి కొట్టడం తామర పురుగులకు సరిపోతుంది.

మొక్కలు ఎక్కడ దొరుకుతాయన్నదానికి నర్సరీ కంటే మంచి చిరునామా పాత పెరడే. ఈ తరగతుల్లో చాలావరకు అంటు అవసరం లేకుండా కొమ్మతోనే వేళ్లు వేస్తాయి. అలా సొంత వేళ్ల మీద పెరిగిన పొదకు పిలకలు వచ్చినా అవి అదే మొక్కవి, ఏరేయనక్కర్లేదు. పూసి రాలిన కొమ్మ నుంచి పెన్సిల్ మందాన, ఎనిమిది అంగుళాల ముక్కను కణుపు కింద కోసి, పైన రెండు ఆకులు మాత్రం ఉంచి, సగానికి పైగా ఇసుక కలిపిన మట్టిలో గుచ్చాలి. డిసెంబరు కత్తిరింపు రోజులు ఇందుకు బాగా కుదురుతాయి. నీడలో, తడి ఆరకుండా ఉంచితే నాలుగు నుంచి ఆరు వారాల్లో వేళ్లు వస్తాయి. మధ్యలో చిగురు వచ్చిందని లాగి చూడకూడదు, కొమ్మలో ఉన్న నిల్వతోనే చిగురు ముందు వస్తుంది. ఆ మొక్కను మొదటి ఎండాకాలం కుండీలోనే నీడలో దాటించి, ఆగస్టులో నేలకు మార్చాలి. మొదటి ఏడాది వచ్చే మొగ్గలు గిల్లేస్తే కొమ్మలు గట్టిపడతాయి. మూడో ఏటికి గాని పొద తన పూర్తి వెడల్పుకు రాదు.